పెద్దవ్వ కుడి బొటనవేలు

నీ మొదటి ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ సూటిగా జవాబు రాదు. జీపులో తిరిగాను, కంప్యూటరు ముందు కూర్చున్నాను, నెల తిరిగేసరికి జీతం తీసుకున్నాను. ఏం పని చేశావంటే మాత్రం నోరు తడబడుతుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి ఆ మనిషేనా కాదా అని చూసే పని చేశానని చెప్పాలి. అలా చెబితే విన్నవాళ్ళు నవ్వుతారు. నవ్వడంలో వాళ్ళ తప్పు లేదని తెలుసు, అయినా నాకు కోపం వస్తుంది.

తొంభైల చివరి రోజులవి. మాది మక్తల్. బస్టాండు వెనక మా అబ్బాకు పిండిగిర్ని ఉండేది. జొన్నలు, సజ్జలు, పసుపు, ఎండుమిరప అన్నీ అక్కడే పట్టేవాడు. మిరపకాయలు పట్టిన రోజు మా గల్లీ అంతా తుమ్ముతూనే ఉండేది. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. తెలుగు మీడియంలో డిగ్రీ అయ్యాక పాలమూరులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో కొన్నాళ్ళు నేర్చుకున్నాను. ఆ సర్టిఫికెట్‌కు అబ్బా అద్దం కట్టించి గిర్నీలో గోడకు తగిలించాడు. మూడు రోజులకే అది పిండి పట్టి తెల్లబడింది, అక్షరాలు కనిపించేవి కావు.

అలాంటప్పుడు ఈ ఉద్యోగం వచ్చింది. ఆడపిల్లను జీపులో తిప్పుతారా అని చుట్టాలు మూతి తిప్పుకున్నారు. అబ్బా మాత్రం, "పిండి దుమ్ముల పెరిగిన పిల్ల, ఎర్రదుమ్ముకు భయపడ్తదా, పోనీయండ్రి" అన్నాడు.

పని సంగతి నాకు అర్థమైనంత వరకు చెబుతాను. వేలు పెడితే మనిషెవరో చెప్పే మిషన్ ఒకటి కొత్తగా వచ్చింది. దాంతో జతగా ఒక కార్డు. అవి మన ఎండలో, మన దుమ్ములో, మన కరెంటుతో పనిచేస్తాయో లేదో పరీక్షించడానికి ప్రభుత్వం హైదరాబాదులోని ఒక కంపెనీకి నిధులిచ్చింది. పరీక్షకు మా వైపు కొన్ని పల్లెలను ఎంచుకున్నారు. పల్లెల్లో పింఛను తీసుకునే ముసలివాళ్ళను, వితంతువులను ఎంచుకున్నారు. వాళ్ళే ఎందుకని కంపెనీ తరఫున వచ్చిన ప్రాజెక్టు సారును అడిగాను. ఆయనది కృష్ణా జిల్లా, మంచివాడే, కొంచెం కంగారు మనిషి.

"వాళ్ళయితే గొడవ చెయ్యరండీ" అన్నాడు.

"పరీక్ష మిషన్‌కా సార్, వాళ్ళకా?"

ఆయన, "రెండిటికీ అనుకోండి" అన్నాడు. ఆ జవాబుతోనే నా అయోమయం మొదలైంది. ఇప్పటికీ తీరలేదు.

నిధులు విడతలుగా వస్తాయట. మొదటి విడతలో మిషన్, కార్డులు, జీపు. రెండో విడతలో కెమెరా, కార్డు మీద ఫొటో. కాబట్టి మా కార్డు మీద ఫొటో లేదు. పేరు, నంబరు, వెనక ఒక నల్ల పట్టీ, అంతే. ముసలివాళ్ళలో చాలామందికి చదువు రాదు, పేరు చూసి తమ కార్డు గుర్తుపట్టలేరు. ఒకామె తన కార్డుకు పసుపు బొట్టు పెట్టుకుంది, ఇంకొకాయన చుట్టూ దారం చుట్టుకున్నాడు. నల్ల పట్టీ మీద పసుపు పడితే మిషన్ చదవదని సారు నెత్తి కొట్టుకున్నాడు.

ఊళ్ళలో వేళ్ళు ఎక్కించే పని నేను చేరకముందే అయిపోయింది. దానికి వేరే మనుషులు హైదరాబాదు నుంచి వచ్చి, రోజుకో ఊరు చుట్టేసి వెళ్ళిపోయారు. ఏ చేతి బొటనవేలైనా సరే, మనిషికి ఒక్కటి చాలని వాళ్ళ నియమం. తర్వాత నెలనెలా ఊరికి వెళ్ళి, కార్డు పెట్టించి, అదే వేలు పెట్టించి చూడటం మా పని. పచ్చలైటు వెలిగితే పింఛను, ఎర్రలైటు వెలిగితే లేదు. వరసగా రెండు నెలలు పచ్చలైటు రాకపోతే ఆ కార్డును మిషనే మూసేస్తుంది. మూసేస్తే ఆ మనిషి పింఛను ఆగిపోయినట్టే. మళ్ళీ తెరవడం ఎలాగంటే, "ఈ వెర్షన్‌లో ఆ సదుపాయం లేదండీ, రెండో విడతలో వస్తుంది" అనేవాడు సారు.

నేను మొదటిసారి వెళ్ళింది కృష్ణ ఒడ్డు వైపున్న ఒక ఊరికి. నల్లరాతి గుండ్లు, వాటి సందుల్లో జొన్నచేలు, ఊరికి పడమర గొల్లకుర్మల ఇళ్ళు. బడి వరండాలో బల్ల వేసి మిషన్ పెట్టాం. జీపు బ్యాటరీ నుంచి తీగ లాగాం. ముసలివాళ్ళంతా పెళ్ళికి వచ్చినట్టు ఉతికిన చీరలు, పంచెలు కట్టుకొని వచ్చారు. వేలు చూసే మిషన్‌కు చీర కనబడదని చెప్పాలనిపించింది కానీ చెప్పలేదు.

అక్కడే చూశాను వాళ్ళిద్దరినీ. సొంత అక్కచెల్లెళ్ళు, వేరే ఇంటి అన్నదమ్ములిద్దరిని చేసుకొని ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చారు. మొగుళ్ళిద్దరూ పోయారు. ఊరంతా వాళ్ళను పెద్దవ్వ, చిన్నవ్వ అనేది. పెద్దవ్వకు ఒక కొడుకున్నాడు, గొర్రెల మందతో ఏడాదిలో సగం బయటే ఉంటాడు, అతని సంసారం వేరు. చిన్నవ్వకు పిల్లల్లేరు. మందల వెంట పోయి కాపరులకు వండిపెట్టి బతికింది, ఇక మోకాళ్ళు సహకరించక ఆ వారమే ఇంటికి చేరింది. ఇకనుంచి ఆమె కూడూ గుడ్డా ఆ వితంతు పింఛనే. వాళ్ళ ఇంట్లో ఒకటే పొయ్యి.

"గిర్ని సాయిబు బిడ్డవా?" అని పెద్దవ్వ నన్ను చూడగానే అడిగింది.

"అవును అవ్వా."

"మీ నాయిన పిండి సన్నగ పడ్తడు. తూకంల మోసం జెయ్యడు" అంది. ఉద్యోగంలో నాకు దొరికిన మొదటి మర్యాద అది. 

పెద్దవ్వ కార్డు పెట్టి ఎడమ బొటనవేలు పెట్టింది. పచ్చలైటు. వెనకే చిన్నవ్వ వచ్చి తన కార్డు పెట్టి ఎడమ బొటనవేలు పెట్టింది. ఎర్రలైటు. కుడిది పెట్టించాను, ఎర్రలైటు. చేయి కడిగించాం, కొంగుతో తుడిపించాం, ఎవరో నిమ్మకాయ తెస్తే రుద్దించాం. మిషన్ ఎర్రగానే చూసింది.

సారు ఆమె చేయి తిప్పి తిప్పి చూసి, "ఉన్ని వడికీ వడికీ గీతలు అరిగిపోయాయండీ. నేను ముందే చెప్పాను, ఈ సమస్య వస్తుందని" అని ఏదో పెద్ద విషయం కనిపెట్టినట్టు రాసుకోబోయాడు.

అప్పటిదాకా పక్కన నిలబడి చూస్తున్న పెద్దవ్వ ముందుకొచ్చింది.

"నువ్ జరుగు చెల్లె. నీది నేను పెడ్తగద" అని తన కుడి బొటనవేలు మిషన్ మీద పెట్టింది.

పచ్చలైటు వెలిగింది. తెర మీద చిన్నవ్వ పేరు వచ్చింది.

సారు తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు, పెద్దవ్వ వైపు చూశాడు. "మీది ఇందాకే అయిపోయింది కదమ్మా?" అన్నాడు.

"నాది ఎడమది సారూ. గిది మా చెల్లెది."

"మీ చెల్లెలి వేలు మీ చేతికెలా వచ్చిందండీ?"

"గట్లనే వచ్చింది" అంది పెద్దవ్వ. ఇందులో తెలియకపోవడానికి ఏముందన్నట్టు ఆమె మొహం పెట్టింది.

నెమ్మదిగా అడిగితే సంగతి బయటపడింది. వేళ్ళు ఎక్కించే రోజు ఊళ్ళో చాటింపు వేశారు. ఇంటికి ఒక్కరన్నా వచ్చి వేలెయ్యండి, వెయ్యనోళ్ళకు పింఛను బంద్ అని. చిన్నవ్వ అప్పుడు మందతో ఏటి అవతల ఉంది. ఆ ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. మందకు పోయినవాళ్ళ తరఫున ఇంట్లో ఉన్నవాళ్ళు నిలబడతారు. కులపంచాయితీలో వాళ్ళ పేరు పిలిస్తే వీళ్ళు పలుకుతారు, పండుగ నాడు వేట కోస్తే వాళ్ళ వాటా మాంసం వీళ్ళు తెస్తారు. ఏ మాటిచ్చినా మందకు పోయినవాళ్ళు తిరిగొచ్చాక దానికి కట్టుబడతారు. అందులో దొంగతనం లేదు, అలా చెయ్యకపోతేనే తప్పు.

"చెల్లె పేరు పిల్సిండ్రు. నేను లేసిన" అంది పెద్దవ్వ. "నా ఏలు నా పేరుకు పెట్టిన గద, మల్ల గదే ఏలు చెల్లె పేరుకు పెడ్తె అబద్ధమైతది. గందుకే కుడిది ఆమెకని పక్కకు వెట్టిన. గప్పటిసంది నేను దాన్ని ఏడ నిశాని వెయ్యలె. కావాల్నంటె అడుగు."

ఆమె అబద్ధం చెప్పకూడదనే అంత పని చేసింది. మిషన్ కూడా అబద్ధం చెప్పలేదు. పెద్దవ్వ కుడి బొటనవేలిని చిన్నవ్వ అని చెప్పారు, అది చిన్నవ్వ అనే నమ్మింది. సారు పట్టు వదలక చిన్నవ్వ వేళ్ళన్నీ ఒక్కొక్కటీ పెట్టించాడు, అన్నిటికీ ఎర్రలైటే. పెద్దవ్వ కుడివేలిని పెద్దవ్వ కార్డుతో పెట్టించాడు, ఎర్రలైటే.

"మిషన్ పర్ఫెక్టండీ! ఎంత కరెక్టుగా పట్టిందో చూశారా?" అని ఎగిరినంత పని చేశాడు. ఆ వెంటనే ఆయన మొహం వాడిపోయింది.

"మరి చిన్నవ్వ?" అన్నాను.

"అదేనండీ."

ఎదురుగా మనిషి నిలబడి ఉంది. ఆమె చిన్నవ్వేనని ఊరికి తెలుసు, వరండా ముందు పడుకున్న కుక్కకు కూడా తెలుసు. అదే మాట సారుతో అంటే, "మనకు తెలిస్తే చాలదండీ, సిస్టమ్‌కు తెలియాలి" అన్నాడు. పాత వేలు తీసేసి చిన్నవ్వ వేలు కొత్తగా ఎక్కించుకోవచ్చు కదా అంటే, ఈ వెర్షన్‌లో సదుపాయం లేదన్నాడు. పైకి రాయండి అంటే తల పట్టుకున్నాడు. మిషన్ తప్పని రాస్తే రెండో విడత నిధులు రావు. మనుషులు తప్పని రాస్తే ఒకరి బదులు ఇంకొకరు వేలేశారని కేసవుతుంది, ముసలామె పోలీస్ స్టేషన్ మెట్లెక్కాలి. ఎటు రాసినా ఎవరో ఒకరి మెడకు చుట్టుకుంటుంది. ఆయన పెన్ను కొరుకుతూ చాలాసేపు కూర్చున్నాడు.

చివరికి, "ఇద్దరినీ కలిసే రమ్మనండి. పని నడిచిపోతుంది" అన్నాడు. పింఛను ఇద్దరికీ అందింది. వాళ్ళు ఒకరి చేయి ఒకరు పట్టుకొని వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చి అబ్బాకు చెప్పాను. గిర్ని పట్టా సరిచేస్తూ విన్నాడు. మొదట కడుపు పట్టుకొని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, పట్టా అక్కడే వదిలేసి నా వైపు తిరిగాడు.

"ఆ పెద్దామెకు రేపు ఏమన్న అయితే చిన్నామె ఏం గావాలె బేటా?"

నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు. ఆ రోజు నుంచి ఆ ప్రశ్న నన్ను వదిలిపెట్టలేదు.

తర్వాత నెలల్లో వాళ్ళు కలిసే వచ్చేవాళ్ళు. ఊరికది వేడుకైంది. "చిన్నవ్వా, నీ ఏలు ఏడవాయె?" అని కుర్రాళ్ళు ఆటపట్టిస్తే, "అక్క తాన దాసిపెట్టిన, నీకెందుకురా" అనేది. ఇద్దరూ పోట్లాడుకుంటే పెద్దవ్వ, "నీ ఏలు నీకు కోసిస్త, తీస్కొని పో" అని అరిచేదట. ఒక నెల నిజంగానే పడలేదు. కోడిని ఎవరు పక్కింటి వాళ్ళకు అమ్మారన్న గొడవ. చిన్నవ్వ మూతి ముడుచుకొని వరండా ఆ చివర కూర్చుంది. పెద్దవ్వ ఆమె వైపు చూడకుండానే వచ్చి, తన ఎడమవేలు పెట్టింది, చెల్లెలి కార్డు లాక్కొని కుడివేలు పెట్టింది, చెల్లెలి పింఛను చెల్లెలి ఒళ్ళో పడేసి చరచరా నడిచిపోయింది. అందరం నవ్వాం. చిన్నవ్వ కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

నాకు మాత్రం ఆ నవ్వు వెనక గుబులుగా ఉండేది. జీపులో వెనక్కి వస్తూ నా రెండు బొటనవేళ్ళూ పక్కపక్కన పెట్టి చూసుకునేదాన్ని. నేను నేనేనని చెప్పడానికి ఇవి చాలా, వీటితో పాటు నన్నెరిగినవాళ్ళు కూడా కావాలా అనుకునేదాన్ని. జవాబు దొరికేది కాదు. దొరకని జవాబు కోసం ఎక్కువసేపు వెతికితే నాకు చిరాకు. కిటికీలోంచి వేరుసెనగ చేలు చూస్తూ వచ్చేసేదాన్ని.

ఎండలు ముదిరేసరికి పెద్దవ్వకు ఆయాసం పట్టుకుంది. కాళ్ళు వాచాయి. నాలుగడుగులు వేస్తే నిలబడి ఊపిరి తీసుకునేది. కొడుకు మంద నుంచి వచ్చి పాలమూరు దవాఖానకు తీసుకెళ్ళాడు. డాక్టరు చూసి, గుండె బాగాలేదు, ఇక్కడే చేరి కొన్నాళ్ళు ఉండాలి, ఆలస్యం చెయ్యొద్దన్నాడు. పెద్దవ్వ చేరకుండానే వెనక్కి వచ్చేసింది. ఏలెయ్యాల్సిన రోజు దగ్గర పడిందని, అది వేసి వచ్చి చేరతానని డాక్టరుకే చెప్పిందట. పాపం ఆయనకేం అర్థమై ఉంటుంది.

నాలుగు రోజుల్లో జీపు వచ్చి ఉంటే వేలేసి వెళ్ళి చేరేదేమో. కానీ ఆ నెల మా జీపు కదల్లేదు. రెండో విడత నిధులు రాలేదు, డీజిల్‌కు డబ్బుల్లేవు. పాలమూరులోని ప్రాజెక్టు ఆఫీసుకు మక్తల్ ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే, "వచ్చే సోమవారం ఖాయమండీ" అన్నాడు సారు. సోమవారం వెళ్ళింది, జీపు రాలేదు. మళ్ళీ వచ్చే సోమవారమన్నాడు. ముందు నెల బ్యాటరీ పాడై ఆ ఊరికి అసలు వెళ్ళనే లేదు. ఈ నెల కూడా తప్పితే కార్డులు మూసుకుపోతాయేమోనని ఊరంతా భయం. అది మా తప్పు, వాళ్ళది కాదు, అలాంటప్పుడు మూసుకుపోవని నేను అనుకున్నాను. సారును అడిగితే మిషన్ ఎలా లెక్కేస్తుందో తనకూ కచ్చితంగా తెలియదన్నాడు. మిషన్ తెచ్చిన మనిషికే తెలియదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఉంది మా వ్యవహారం.

ఉండబట్టలేక బస్సెక్కి నేనే వెళ్ళాను. పెద్దవ్వ గుమ్మం పక్కన గొంగడి మీద గోడకు ఆనుకొని కూర్చుంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదట. చిన్నవ్వ ఆమె కాళ్ళు ఒళ్ళో పెట్టుకొని ఒత్తుతోంది.

నన్ను చూడగానే చిన్నవ్వ ఏడ్చేసింది. "నువ్వన్న చెప్పు బిడ్డా. నాకు పింఛిని వద్దు, ఏమద్దు, దవాఖానకు పో అంటె ఇంటలేదు."

"పింఛిని వద్దంట!" అంది పెద్దవ్వ, మాట మాటకూ ఆగుతూ. "ఏం తింటవే? మన్ను తింటవా? మోకాల్లు లేస్తలేవు, మంద పొంటి ఎట్ల పోతవ్?"

"అవ్వా, నువ్వు ముందు దవాఖానకు పో. కార్డు సంగతి నేను చూస్తా" అన్నాను.

పెద్దవ్వ నా చేయి పట్టుకుంది. ఆమె అరచేయి చల్లగా ఉంది. "నువ్ చూస్తవ్ బిడ్డా. నాకెర్క. మిషన్ చూస్తదా?"

మిషన్ చూడదని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

"ఒక్కపారి జీపు రానీ. ఏలేసి, గదే జీపుల పోయి దవాఖానల పడ్త. ఫికర్ చెయ్యకుండ్రి" అంది ఆమె. మా ఇద్దరికీ ఆమే ధైర్యం చెప్పింది.

మక్తల్‌కు తిరిగొచ్చి, బస్సు దిగిన కాళ్ళతోనే బూత్‌కు వెళ్ళి సారుకు ఫోన్ చేశాను. జీపు పంపండి, లేకపోతే మిషన్‌ను బస్సులో నేనే మోసుకుపోతానన్నాను. మిషన్ బయటి మనుషుల చేతికి ఇవ్వకూడదన్నాడు. నేను బయటి మనిషినా అన్నాను. అలా అని కాదండీ, మీరు టెంపరరీ కదా అన్నాడు. అప్పుడు నాకు తిక్క రేగింది. మీ నిధులు మీ విడతలు నీళ్ళల్ల పడ, అక్కడ మనిషి పోతాంది సార్, ఒక వేలు మార్చలేని మిషన్ ఏం మిషన్ అని అరిచాను. బూత్ ఆయన చూస్తున్నాడని తెలిసినా ఆపలేదు. "నాకూ అర్థం కావట్లేదండీ" అన్నాడు అవతల సారు. ఆ గొంతులో నిజం ఉంది, అందుకే ఇంకేం అనలేకపోయాను.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే జీపు మా గిర్ని ముందు ఆగింది. సారు దిగాడు. వెనక సీట్లో మిషన్ అట్టపెట్టెలో కట్టి ఉంది. నా ప్రాణం లేచొచ్చింది. పదండి సార్ అని బుర్ఖా కోసం లోపలికి వెళ్ళబోతుంటే ఆయన ఆపాడు.

"అక్కడికి కాదండీ. ప్రాజెక్టు క్లోజ్ చేశారు. రెండో విడత ఇక రాదు, ఇంకేదో కొత్తరకం మిషన్‌కు ఆ నిధులు ఇస్తారట. వచ్చే నెల నుంచి పింఛన్లు మళ్ళీ పాత పద్ధతే, సిరా వేలిముద్ర. మీకు చెప్పి పోదామని వచ్చాను."

"మరి కార్డులు?"

"ఇక చెల్లవండీ." అదేదో నన్ను ఓదార్చే మాట అయినట్టు, "రిపోర్టు మాత్రం బాగా వచ్చింది. ఆ ఊళ్ళో ఒక్క పొరపాటు కూడా లేదు. సక్సెస్ అని రాశారు" అన్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏది సక్సెస్? ఎవరిది? అయినా ఆ గందరగోళంలోనే ఒక్క సంగతి వెలిగింది. పెద్దవ్వ ఇక దేనికోసమూ ఆగనక్కర్లేదు. చిన్నవ్వ తన వేలు తానే సిరాలో ముంచి పెట్టుకోవచ్చు. ఈ మాట చెబితే చాలు, పెద్దవ్వ ఇప్పుడే దవాఖానకు బయలుదేరుతుంది. నన్ను ఆ ఊళ్ళో దింపి వెళ్ళండి సార్ అన్నాను. ఆయన వాచీ చూసుకొని, సరే ఎక్కండి అన్నాడు. దారి పొడుగునా ఆ మాట ఎలా చెప్పాలా అని మనసులో కూర్చుకుంటూనే ఉన్నాను.

ఊరి మొదట్లోనే డప్పు వినిపించింది.

జీపు ఆగకముందే దిగాను. వాకిట్లో జనం. పెద్దవ్వ తెల్లవారుజామున కూర్చున్నచోటే పోయిందట. అప్పటికే స్నానం చేయించి, పసుపు రాసి, గొంగడి మీద పడుకోబెట్టారు. ఎన్నాళ్ళకో ఆమె పడుకోగలిగింది. చిన్నవ్వ కుడి పక్కన కూర్చొని అక్క కుడిచేయి తన రెండు చేతుల్లో పట్టుకుంది. ఏడవడం లేదు.

నేను వెళ్ళి ఆమె పక్కన కూలబడ్డాను. దారంతా మోసుకొచ్చిన మాట ఒక్కటే నోట్లో ఉంది, అదే బయటికి వచ్చింది.

"అవ్వా, మిషన్ బంద్ అయింది. వచ్చే నెలసంది మళ్ళ సిరానే. నీ ఏలు నువ్వే పెట్టొచ్చు. పింఛిని యాడికి పోదు."

చిన్నవ్వ నా మొహంలోకి చూసింది.

"అయితె అక్క ఉత్తగనే ఆగెనా బిడ్డా?"

నేను ఏడ్చాను. అంతమంది ముందు, గట్టిగా, సిగ్గు లేకుండా ఏడ్చాను. తర్వాత ఎన్నో ఏళ్ళకు అబ్బా పోయినప్పుడు కూడా నేను అలా ఏడవలేదు. ఆమె నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. మళ్ళీ అక్క వైపు తిరిగింది.

మధ్యాహ్నం దాటాక తీసుకెళ్ళడానికి మగవాళ్ళు వచ్చారు. నలుగురూ వంగారు. చిన్నవ్వ చేయి వదల్లేదు. పెద్దవ్వ కొడుకు మెల్లగా ఆమె భుజం మీద చెయ్యేసి, "ఇడువు చిన్నమ్మా, పొద్దువోతాంది" అన్నాడు. వదల్లేదు. వెనక నుంచి ఎవరో, పాపం మతి చలించిందన్నారు. సారు జీపు పక్కన అట్లాగే నిలబడి చూస్తున్నాడు, ఇంకా వెళ్ళలేదు. కొడుకు ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీయబోయాడు.

చిన్నవ్వ గొంతు ఎత్తలేదు. తెలియనివాళ్ళకు చెబుతున్నట్టు నిమ్మళంగా చెప్పింది.

"ఎడమది అక్కది. గది తీస్కపోండ్రి. గిది నాది."